మేడం కాళ్లకు నేను తొడిగిన సాక్సులు

అమ్మలూ, అందరూ బాగున్నారా? దవాఖానలో డ్యూటీ మీద డ్యూటీ చేసే మన డాక్టరమ్మకు ఇప్పుడైనా కంటినిండా నిద్ర దొరుకుతోందా? బస్సు దిగుతుంటే మడమ బెణికిన పంతులమ్మకు వాపు తగ్గిందా? బ్యాంకులో పనిచేసే అమ్మాయికి మెడనొప్పి అన్నారు, దిండు మార్చమన్నాను, మార్చిందా? మీలో షుగర్ ఉన్నవాళ్లు పాదాలు చూసుకుంటున్నారా? వేళ్ల కొనలకు స్పర్శ తెలుస్తోందా? ఈ ఆఖరి మాట ఇంతకుముందు నేను ఎవర్నీ అడిగేదాన్ని కాదు. ఇప్పుడు కనిపించిన ప్రతివాళ్లనూ అడుగుతున్నాను. పాలబ్బాయిని కూడా అడిగాను. నవ్వి పోయాడు.

నేను బాగానే ఉన్నాను. బీపీ గోలీలు తప్పకుండా వేసుకుంటున్నాను. మా కోడలు నన్ను మంచిగా చూసుకుంటోంది. ఆ సంగతి కూడా చివర్లో రాస్తాను.

మేడం పోయారు. ఆ మాట మీలో చాలామందికి ఫోనులో చెప్పింది నేనే. ఆ పొద్దున ఒక్కొక్కరికే ఫోను కలుపుతూ అందరికీ ఒకటే చెప్పాను, "అమ్మా, మేడం పోయిన్రు. ఛాతీల కఫం పట్టింది" అని. మీరు ఏడ్చారు. ఏడుస్తూనే నన్ను ఓదార్చారు. "మీరు లేకుంటే మేడంకు ఎవరున్నరు ఆంటీ, ఎంత మంచిగ చూసుకున్నరు" అన్నారు. అప్పటినుంచీ ఆ మాట నన్ను ఒక చోట కూర్చోనివ్వడం లేదు. మేడం గురించి శిష్యులంతా కలిసి చిన్న పుస్తకం వేస్తున్నాం, పక్క పోర్షన్ ఆంటీ కూడా రాయాలి అని మీరు అన్నప్పుడు వద్దందామనుకున్నాను. నాది నాలుగో తరగతి చదువు. తరవాత ఆలోచిస్తే, నేను రాయకపోతే మీరంతా నన్ను మంచిదాన్ని చేసి రాస్తారనిపించింది. అందుకని రాస్తున్నాను. అక్షరాల్లో తప్పులుంటే దిద్దండి. సంగతిని మాత్రం దిద్దకండి.

మా ఇల్లు చూడనివాళ్ల కోసం చెప్తాను. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో పాత ఇల్లు. ఒకటే వాకిలి, రెండు పోర్షన్లు. లోపలా బయటా షాబాదు బండలు. ఒక పోర్షన్‌లో మేం. మా ఆయన అబిడ్స్‌లో బట్టల దుకాణంలో పనిచేసేవాడు. రెండో పోర్షన్‌లోకి మేడం కిరాయికి వచ్చారు. ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్తారని మా ఆయన ముందే కనుక్కొచ్చాడు. సామాను అంతా ట్రాలీ ఆటోలో వచ్చింది. మేడం వెనకాల ఇంకో ఆటోలో దిగారు, ఒళ్లో గాజు తొట్టి పట్టుకొని. పసిపిల్లను దింపినట్టు దింపారు. నేను తొంగి చూస్తే లోపల ఏవో కదులుతున్నాయి.

"ఏంది మేడం గివి? ఎండ్రకాయలా?"

"ఔ."

"వండుకుంటరా?"

"చదువుకుంట."

నాకు అర్థం కాలేదు. మా అమ్మగారి ఊళ్లో వరి మళ్ల గట్లమీద ఎండ్రకాయల్ని మా అన్న పట్టుకొచ్చేవాడు, అమ్మ పులుసు పెట్టేది. వాటిని చదువుకునేవాళ్లను నేనెన్నడూ చూడలేదు. "తొట్టిల నుంచి బయటికొచ్చి మా పిల్లగాని చెవులు కొరికితే?" అన్నాను. మేడం నా మొహం చూసి, "నీ నడక చప్పుడు వింటేనే దాక్కుంటయ్ చెల్లె. కాళ్లతోటి వింటయ్ అవి. నువ్వు గంత గట్టిగ నడిస్తే ఎందుకు బయటికొస్తయ్?" అన్నారు. వచ్చిన మొదటి రోజే నన్ను చెల్లె అన్నారు. నాకంటే పెద్దవారే. కానీ నేను ఏనాడూ అక్కా అనలేదు. నోరు రాలేదు. మేడం అనే అన్నాను, ఆఖరి దాకా.

పెళ్లెందుకు చేసుకోలేదని నేను అడగలేదని రాద్దామనుకున్నాను. అబద్ధం. మొదటి వారంలోనే అడిగాను. "రెండు కాళ్లోళ్ల మీద నాకు మనసు పోలే చెల్లె" అన్నారు. మా ఆయన వాకిట్లో చాయ్ తాగుతూ విని, చాయ్ ముక్కులోకి పోయి దగ్గాడు.

నేను బియ్యం ఏరుకునే వేళకు మేడం కాలేజీ నుంచి వచ్చేవారు. చీర కుచ్చిళ్లు దోపుకొని వాకిట్లోనే బండ మీద కూర్చునేవారు. కుర్చీ వేస్తే వద్దనేవారు. ఒకరోజు నా చాట అడిగి తీసుకొని, అందులో ఒక ఎండ్రకాయను పెట్టారు. నాకు గుండె ఆగినంత పనైంది, చాట అంటు అవుతుందని. ఆమె నన్ను పట్టించుకోకుండా చాటను మెల్లగా ఒక పక్కకు వంచారు. కిందికి వాలిన పక్క కాళ్లు గట్టిపడ్డాయి, పై పక్క కాళ్లు మడతపడి చాటను పట్టుకున్నాయి. పక్కకు జారలేదు, తిరగబడలేదు. మళ్లీ ఇటు వంచితే ఇటు అట్లాగే చేసింది.

"దీనికి ఎవరు చెప్పిన్రు?" అని అడిగారు.

"దాని తలకాయ చెప్పింది."

"ప్రతి అడుగుకు తలకాయకు అర్జీ పెట్టుకుంటే ఇది ఒడ్డు చేరేదాంక కొంగ ఆగుతదా?"

అట్లా అడిగి, నా జడకున్న రబ్బరు తీసి నా మోచేతికి ఎక్కించి, కళ్లు మూసుకోమన్నారు. నా చెయ్యి పట్టుకొని వంచి, ఆ చెయ్యి ఎక్కడుందో చెప్పమన్నారు. మెడ దగ్గరుందన్నాను. చూడకుండా ఎట్లా తెలిసిందన్నారు. నాకేం తెలుసు? అప్పుడు చెప్పారు. ఎండ్రకాయ కాలిలో కీలు కీలుకు లోపల, నా మోచేతి మీది ఆ రబ్బరు లాంటి ఒక సాగే పోగు ఉంటుందట. దానికి నరాలు అంటుకొని ఉంటాయట. కీలు వంగితే పోగు సాగుతుంది, ఇంత వంగాను, ఇంత జోరుగా వంగాను అని నరం చెప్తుంది. కాలి మీద బరువు పడితే పైగుల్ల కొంచెం, మన కంటికి కనపడనంత వంగుతుందట. దాన్ని చెప్పే నరాలు వేరే ఉన్నాయట. కాలి కొనన తాకిడి చెప్పేవి ఇంకా వేరే. ఇవన్నీ కలిసి, ఇప్పుడు లేవాలా, ఇంకా నిలబడాలా అన్నది కాలికి అక్కడికక్కడే చెప్తాయట.

"బరువు మోసే కాలు లేవదు. పక్క కాలు బరువు అందుకున్నదని తెలిసినంకనే ఇది లేస్తది. అబిడ్స్‌ల బస్సు దిగేటప్పుడు నువ్వేం చేస్తవు? కింది కాలికి రోడ్డు అందకుండ పై కాలు తీస్తవా?"

"తియ్య. పడిపోత."

"గంతే. నడక లోపల ముందే ఉంటది. నేల దాన్ని దిద్దుతది."

ఈ మాట మీకూ క్లాసులో చెప్పే ఉంటారు. మీరు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నారు. నేను విని బియ్యం ఏరుకున్నాను.

ఇంకో రోజు మన పంతులమ్మ ఉంది వాకిట్లో. అప్పుడు డిగ్రీ చదివే పిల్ల. మేడం సైకిలు చక్రానికి గాలి కొట్టే చోట ఉండే సన్న రబ్బరు ట్యూబు తెచ్చి, వేలి గోరంత ముక్క కోసి, ఎండ్రకాయ ఒక కాలి కొనకు టోపీలాగా తొడిగారు. బండ మీద వదిలారు. అది నడిచింది, నడవకపోలేదు. కానీ ఆ కాలు వంతు వచ్చినప్పుడల్లా ఎత్తడం, తట్టడం, మళ్లీ ఎత్తడం, మళ్లీ తట్టడం. ఆ కాలికి నమ్మకం లేదు. దాని పక్క కాళ్లు కూడా దానికోసం ఆగుతున్నట్టు తడబడ్డాయి. నేను చాట పక్కన పెట్టేశాను. చూడలేకపోయాను.

"తియ్యండి మేడం, పాపం. దానికి నేల దొరుకుతలేదు."

మేడం మొహం వెలిగిపోయింది. "విన్నవా పిల్లా? నేల లేదనలే ఆంటీ. దొరుకుతలేదన్నది" అని పంతులమ్మకు చెప్పి, ఆ టోపీ వెంటనే తీసేశారు. నేను ఆ రోజంతా మురిసిపోయాను. మా ఆయనకు రెండుసార్లు చెప్పాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ మాట అన్నది నేనే.

ఆదివారం వస్తే మేడం అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పుస్తకాలు చూడడానికి పోయేవారు. నడిచే పోయేవారు. తోలు చెప్పులు అరిగి అట్టముక్కల్లాగా అయినా వదిలేవారు కాదు. తోడు నేను. తోడు అంటే వెనకాల నడుస్తూ ఆటో వచ్చె, బస్సు వచ్చె, అమ్మో బండి అని ఒర్లడం. మేడం పుస్తకాల కుప్ప ముందు గొంతుక్కూర్చొని రెండు పేజీలు చదివి, దుమ్ము దులిపి, ఇంకో కుప్పకు జరిగేవారు. జనం తోసుకుంటుంటే పక్కకు పక్కకు అడుగులు వేస్తూ సందు చేసుకొని, నా వైపు చూసి, "ఆదివారం అబిడ్స్‌ల మనమంత ఎండ్రకాయలమే చెల్లె" అనేవారు. అక్కణ్నుంచి మొజంజాహీ మార్కెట్‌కు పోయి ఐస్‌క్రీం. సీతాఫలాల కాలం అయితే ఆ పండు ఐస్‌క్రీమే, తప్పకుండా. గొంతు పడుతుందని నేను అంటే, "గొంతు నాది, జలుబు నాది, ఫికర్ నీదా?" అనేవారు. నా ఫికర్ మీద ఆమెకు ఎప్పుడూ పరాచికమే. "నువ్వు చేసే ఫికర్‌ల సగం నాకిస్తే ఇంకో డాక్టరేట్ తెచ్చుకుంట" అని ఒకసారి అన్నారు.

రిటైరైనా మేడం పోర్షన్ ఖాళీ చెయ్యలేదు. మా ఆయన పోయాక ఇంకా దగ్గరయ్యాం. ఒక పూట ఆమె కూర, ఒక పూట నా పప్పు. ఎండ్రకాయలు ముసలివై పోతే మా అన్న ఊరి నుంచి పాల క్యానులో కొత్తవి తెచ్చేవాడు. "నా కొత్త అడ్మిషన్లు" అని వాటిని దింపుకునేవారు.

ఇక రాయాల్సింది రాస్తాను.

రెండేళ్ల కింద వానాకాలంలో నల్లా దగ్గర పాకుడు మీద మేడం జారి పడ్డారు. ఎముక విరగలేదు. మణికట్టు వాచింది. చూపించడానికి పోతే డాక్టరు కట్టు కట్టి, "ఇక మీద పడకుండ చూసుకోండి" అన్నాడు. ఆ మాట మేడంతో అన్నాడు. నేను నా తలకెత్తుకున్నాను. అసలే నాకు ప్రతిదానికీ భయం. పొయ్యి మీద పాలు ఉంటే భయం, పిల్లవాడు ఇంటికి రాకపోతే భయం, వస్తే ఎందుకు తొందరగా వచ్చాడని భయం. ఇప్పుడు ఆ భయాలన్నీ కలిసి మేడం కాళ్ల మీద పడ్డాయి.

అబిడ్స్ పోయి ఉన్ని సాక్సులు తెచ్చాను. ఒకదాని మీద ఒకటి రెండు జతలు తొడిగాను. వాటి మీద మెత్తని రబ్బరు స్లిప్పర్లు. ఆమె పోర్షన్‌లో బండలు కనపడకుండా జంపఖానాలు పరిచి, వాటి మీద బొంతలు వేశాను, పడినా దెబ్బ తగలదని. మేడం మంచం దిగితే చాలు, పరుగెత్తి పోయి చంక కింద చెయ్యి వేసి పట్టుకునేదాన్ని. బాత్రూం దాకా నేనే, వాకిట్లోకి నేనే.

మొదట్లో మేడం నవ్వారు. తరవాత కోప్పడ్డారు.

"చెల్లె, ఇవి తియ్యి. నాకు నేల తెలుస్తలేదు."

"నేలతోటి ఏం పని మీకు? నేనున్న కద."

"నువ్వున్నవ్. నేలనే లేదు."

"జర మెల్లగ, మెల్లగ. నా మీద ఆనుకోండి."

"నీ మీద ఆనుకుంటే నా కాలు ఏమనుకుంటది? బరువు పడలేదు, ఇంక నా వంతు రాలే అనుకుంటది. వదులు ఒక్కసారి. వదిలి చూడు."

"వదుల్త, పడ్తరు. తుంటి ఇరుగుతది. మంచాన పడ్తరు. అప్పుడు ఎవరు చేస్తరు మేడం?"

నేను కోపంతో అనలేదు. భయంతో అన్నాను. కానీ ఎవరు చేస్తారు అన్నాను. పెళ్లీ పిల్లలూ లేని మనిషితో, ఆమెకు చేసేది నేనొక్కదాన్నే అని ఇద్దరికీ తెలిసి ఉండగా, ఆ మాట అన్నాను. మేడం నా మొహం చూశారు. మరుసటి రోజు నేను సాక్సులు పట్టుకొని పోతే, చిన్నపిల్లలాగా కాలు ముందుకు చాపారు. మాట విన్నారని నేను సంతోషపడ్డాను.

ఆ తరవాత ఆదివారాల సంగతి. "ఇయ్యాల అబిడ్స్ పోదమా?" అనేవారు. ఎండ ఉందనేదాన్ని. మబ్బు పట్టిందనేదాన్ని. ఫుట్‌పాత్ తవ్వారట అనేదాన్ని. "వచ్చే ఆదివారం పోదం మేడం" అనేదాన్ని. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేశారు. మీకు నిజం చెప్పాలి. ఆమె అడగడం మానేస్తే నాకు ఎంత నెమ్మదిగా ఉండేదో. ఆదివారం పూట హాయిగా కూర వండుకున్నాను.

ఆమె నడక మారింది. కాలు ఎత్తేవారు, గాల్లో ఆపేవారు, బొంత మీద ఒకసారి తట్టేవారు, మళ్లీ ఎత్తి మళ్లీ తట్టేవారు. నేను పక్కనే, చంక కింద చెయ్యి వేసి, అడుగడుగూ చూస్తూనే ఉన్నాను. ముసలితనం అనుకున్నాను. వాకిట్లో ఆ రబ్బరు టోపీ ఎండ్రకాయను చూసి తియ్యండి పాపం అన్నదాన్ని, ఇక్కడ రెండు చేతులా రెండు జతలు తొడిగి, ముసలితనం అనుకున్నాను.

మెల్లగా నడక బాత్రూం దాకా మిగిలింది. తరవాత మంచం పక్క కుర్చీ దాకా. తరవాత మంచం. మొన్నటి చలికి ఛాతీలో కఫం పట్టింది. మన డాక్టరమ్మ వచ్చి చూసింది. వీపు మీద గొట్టం పెట్టి వింటూ, "ఆంటీ, లేపి నడిపించాల్సుండె" అంది. నా మొహం చూసి వెంటనే, "వయసు కూడ ఉన్నది లెండి, మీరు చేసిందేం లేదు" అంది. తల్లీ, నువ్వు రెండు మాటలన్నావు. నాకు మొదటిదే వినపడింది. నీ మీద నాకు కోపం లేదు. తరవాత నువ్వు ఫోన్ చేసి, ఈ వయసులో కారణం ఒకటే ఉండదు, సాక్సుల వల్ల ఎవరూ పోరు అని చెప్పావు. చదువుకున్నదానివి, నీ మాట నిజమే అయ్యుంటుంది. కానీ ఆమె నడవడం మానేసింది దేనివల్ల అన్నది నేను ఏ డాక్టర్నీ అడగక్కర్లేదు.

పోవడానికి ముందు ఒక మధ్యాహ్నం, కొంచెం తేటగా ఉన్నారు. గంజి తాగారు. కిటికీలోంచి వాకిట్లో ఎండ చూస్తూ, "చెల్లె, సాక్సులు తీసి నా కాళ్లు జర బండ మీద పెట్టు" అన్నారు.

నేనేం అన్నానో రాయడానికి నా చెయ్యి రావడం లేదు. "బండ చల్లగున్నది మేడం. కఫం ఎక్కువైతది. తగ్గినంక పెడత" అన్నాను.

"సరే" అన్నారు.

సాయంత్రానికి ఆయాసం ఎక్కువైంది. తరవాత మాట లేదు. అమ్మలూ, మేడం ఆఖరి మాట ఏంటని మీలో చాలామంది అడిగారు. మీ పేర్లు తలచుకున్నారా అని అడిగారు. నేను ఏదో చెప్పాను. ఆఖరి మాట ఆ "సరే" అన్నదే.

స్నానం చేయించేటప్పుడు సాక్సులు నేనే తీశాను. పై జత, లోపలి జత. పిక్కల కింద సాగుడు దారం అచ్చులు గుండ్రంగా పడి ఉన్నాయి. అరికాళ్లు చూశాను. ఆ కాళ్లు నాకు తెలుసు. మడమలు పగిలి, ఆ పగుళ్లలో అబిడ్స్ దుమ్ము ఏ సబ్బుకూ పోకుండా ఉండేది. ఇప్పుడు తెల్లగా, మెత్తగా, ఎక్కడికీ పోని కాళ్లలాగా ఉన్నాయి. పగుళ్లన్నీ మానిపోయాయి. నేను ఎంత బాగా చూసుకున్నానో చూడండి. వాకిట్లో పడుకోబెట్టినప్పుడు కింద జంపఖానా పరిచారు. నేను దాని అంచు మడిచి, రెండు పాదాలనూ బండకు ఆనించాను. బండ చల్లగా ఉందని అప్పుడు ఎవరూ అనలేదు.

ఇప్పుడు మా కోడలి సంగతి. చాలా మంచి పిల్ల. పొద్దున్నే ఆఫీసుకు పోతుంది, పోతూ పోతూ నా గోలీలు తీసిపెట్టి పోతుంది. మేడం పోయిన తరవాత నేను వాకిట్లో గోడ పట్టుకొని నడవడం చూసింది. మొన్న సాయంత్రం ఒక సంచి తెచ్చి నా పక్కన కూర్చుంది.

"అత్తమ్మా, గివి ఏసుకోండ్రి. కింద గ్రిప్ ఉంటది, జారరు."

సాక్సులు. నీలం రంగువి.

"నాకెందుకే?"

"బండలు చల్లగున్నయ్. పడితే ఎవరు చేస్తరు అత్తమ్మా? మేమిద్దరం ఆఫీసులల్ల ఉంటం."

పాపం, దానికేం తెలుసు? భయంతోనే అంది. నేను అప్పుడు ఏం చేశానో తెలుసా? కాలు ముందుకు చాపాను. నన్ను అడగకుండానే కాలు చాపుకుంది. కోడలు ఒక సాక్సు తొడిగేసింది కూడా. అప్పుడు తెలిసింది నాకు, మేడం ఆ రోజు ఎందుకు చాపారో. మాట విని కాదు. ఆమె బరువు నాకు ఎక్కువైందని అనుకున్నారు.

నేను ఏడ్చాను. కోడలు భయపడి, "ఏమైంది అత్తమ్మా, గట్టిగున్నదా? సైజు మార్పిస్త" అంది. దాని చెయ్యి పట్టుకొని మేడం పోర్షన్‌లోకి తీసుకుపోయాను. తాళం నా దగ్గరే ఉంది. ఇద్దరం కలిసి బొంతలు తీశాం, జంపఖానాలు చుట్టాం. ఎన్నాళ్లకో బండలు బయటపడ్డాయి. తొట్టిలో ఒక్క ఎండ్రకాయ మిగిలింది. నేనే అన్నం మెతుకులు వేస్తున్నాను. దాన్ని తీసి గది మధ్యలో వదిలాను. కోడలు చీర పైకెత్తుకొని మంచం ఎక్కింది.

ఎండ్రకాయ కాసేపు కదలలేదు. తరవాత ఒక కాలు చాపి బండను తాకింది. ఇంకోటి. తరవాత అడ్డంగా, గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, టిక్కు టిక్కుమంటూ నడిచింది. తడుముకోలేదు. ఆగలేదు.

"అబ్బ, చప్పుడు చూడుండ్రి! గడియారం లెక్క" అంది కోడలు.

నేను ఎండ్రకాయ కాలి సంగతి నాకు తెలిసినంత దానికి చెప్పాను. కీళ్లలో పోగు, గుల్ల మీద బరువు, రబ్బరు టోపీ. మేడం చెప్పినట్టు రాదు నాకు. అయినా విన్నది. మంచం దిగి, "సరే అత్తమ్మా, సాక్సులు వద్దు. చెయ్యి పట్టుకోను. కాని నల్లా కాడ పాకుడు నేను గీకుత, గా బాత్రూంల పట్టుకునే రాడ్ పెట్టిస్త. అది కూడ వద్దంటే నేను ఒప్పుకోను" అంది. మేడం ఉంటే మార్కులు వేసేవారు. పాకుడు గీకాలని నాకు రెండేళ్ల కింద తోచి ఉంటే బాగుండేది. నేను పాకుడు వదిలి కాళ్లకు తొడిగాను.

నాకు భయం పోయిందని రాయను. ఇప్పుడు కూడా పోలేదు. మా గేటు నుంచి అబిడ్స్ ఫుట్‌పాత్ దాకా దారి తలచుకుంటే అరచేతులు చెమట పడుతున్నాయి. ఆటోలు, బస్సులు, తవ్విన చోట్లు. పడితే ఏమైతుందో నాకు తెలుసు, నాకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ మేడంకు నేను బాకీ పెట్టిన ఆదివారం ఒకటుంది. ఆమెకు ఇక తీర్చలేను. నా కాళ్లతో అయినా పోయి రావాలి.

మీరంతా ఇంటికి వస్తామన్నారు కదా, మేడం పుస్తకాలు సర్దడానికి. రండి. ముందు పుస్తకాలు ముట్టకండి. చెప్పులు పల్చనివి వేసుకోండి. మన పంతులమ్మ మడమకు వాపు ఉంటే మాత్రం ఆటోలో వచ్చి అక్కడ కలవాలి, మొండితనం చెయ్యొద్దు. నడిచి అబిడ్స్ పోదాం. రెండు కుప్పలు చూద్దాం. తరవాత మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం తిందాం, జలుబున్నవాళ్లు తప్ప. దారిలో ఎవరూ నా చెయ్యి పట్టుకోకండి. ముందు నడవకండి, పక్కన నడవండి. మధ్యలో నేను ఆగితే మీరూ ఆగండి, ఏమైంది ఆంటీ అని అడగకండి. కాలు నేలను అడుగుతోందనుకోండి, జవాబు వచ్చాక అదే లేస్తుంది.

ఈ నెల ఆఖరి ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి. గేటు బయట నిలబడి ఉంటాను.